కవితలోని ‘నేను’ తనను తాను నమ్మించుకుంటుంటే గుర్తించడం ఎలా?

కవితలో ‘నేను’ అని మాట్లాడేది కవేనని అనుకుని చదివితే ఆత్మవంచన కంటబడదు. కనుక ముందుగా ఆ గొంతును కవి నుంచి విడదీసి, వక్త అనే పాత్రగా చూడాలి. అబద్ధమాడేవాడికి నిజం తెలిసే ఉంటుంది. ఆత్మవంచనలో ఉన్న వక్త మాత్రం తన మాటను తానే నమ్ముతూ, దానికి విరుద్ధమైన సాక్ష్యాన్నీ తన నోటితోనే చెప్పేస్తాడు.

ఆ సాక్ష్యం కోసం, వక్త చివర చెప్పుకున్న మాటను విడిగా రాసుకుని, మొదటి నుంచి ఒక్కొక్క పాదాన్నీ దానితో పోల్చి చూడండి. 1915లో అచ్చయిన అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ‘ద రోడ్ నాట్ టేకెన్’ ఇందుకు మంచి అభ్యాసం. ఎక్కువమంది నడవని దారిని పట్టానని, తేడా అంతా దానివల్లే వచ్చిందని చివరి చరణం అంటుంది. రెండు దారులూ దాదాపు ఒకేలా అరిగి ఉన్నాయని, ఆ ఉదయం రెండింటి మీదా అడుగులకు నలగని ఆకులే ఉన్నాయని అంతకుముందు చెప్పింది కూడా ఆ వక్తే. పైగా ఎన్నో ఏళ్ల తర్వాత నిట్టూరుస్తూ ఇలా చెబుతానని అతడు ముందే ఊహించుకుంటున్నాడు. ఆ భవిష్యత్కాల క్రియను దాటేసి చదవడం వల్లనే ఇది ధైర్యానికి స్తోత్రంగా చలామణి అవుతోందని నా అభిప్రాయం.

ఇక బాధ్యత సంగతి క్రియల్లో తేలుతుంది. ‘అద్దం పగలగొట్టాను’ అనవలసిన చోట ‘అద్దం పగిలింది’ అన్నా, ‘రాలేదు’ అనవలసిన చోట ‘రాలేకపోయాను’ అన్నా కర్త తప్పుకుంటున్నాడేమోనని ఆగి చూడాలి. ఆంగ్ల కవి రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన ‘మై లాస్ట్ డచెస్’ కవితలో, చనిపోయిన తన భార్య గురించి చెబుతున్న ప్రభువు తాను ఆజ్ఞలిచ్చానని ఒప్పుకుంటాడు, వెనువెంటనే, ఆమె చిరునవ్వులన్నీ ఆగిపోయాయంటాడే తప్ప ఆపించానని అనడు. అలాంటి ప్రతి క్రియ పక్కనా ‘ఎవరు?’ అని పెన్సిలుతో రాసుకుంటే చాలు.

అయితే ‘రాలేకపోయాను’ అన్న ప్రతివాడూ సాకు చెబుతున్నట్టు కాదు, నిజంగానే రాలేని పరిస్థితి ఉండి ఉండవచ్చు. తలుపు తెరిచే ఉందనో, వేళ మించిపోలేదనో కవితలోనే మరోచోట ఒక వివరం దొరికినప్పుడే దాన్ని ఆత్మవంచన అనండి. దొరకకపోతే మీ వ్యాసంలో దాన్ని అనుమానంగానే ఉంచండి.