సొంతంగా పాట కట్టినవాళ్ళకు అభిప్రాయం ఎలా చెప్పాలి?

మా మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతూ రాత్రిళ్ళు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాటలు కడుతుంటాడు. మొదటి ట్యూన్ పంపి "మావయ్యా, ఎలా ఉంది?" అన్నప్పుడు నేను బస్సులో ఉన్నాను. ఫోన్ స్పీకర్‌లో అర నిమిషం విని "సూపర్ రా" అని కొట్టేశాను. రెండోదానికీ అదే. మూడోదానికి "నువ్వు వినలేదు కదా" అన్నాడు. దొరికిపోయాను. ఆ సిగ్గుతో నాలుగో పాటను పట్టుబట్టి విని, పద్నాలుగు తప్పులు వరసగా రాసి పంపాను. ఆర్నెల్లు వాడి నుంచి పాట రాలేదు.

"సూపర్"తోనూ, పద్నాలుగు తప్పులతోనూ వాడికి ఒరిగింది ఏమీ లేదు. ఆ తర్వాత వాడితోనూ, మా భజన బృందంలో కొత్తగా వరసలు కట్టే ఒక పెద్దాయనతోనూ మాట్లాడుతూ నేర్చుకున్న పద్ధతి ఇది. నాకొచ్చిన సంగీతం చిన్నప్పుడు నాలుగేళ్ళు నేర్చుకున్న వయొలిన్ మాత్రమే, అంతకుమించి లేదు.

1. ముందు ఏం కావాలో అడగండి

పాట ఏ దశలో ఉందో తెలుసుకోండి. తననాలతో పాడిన ఉత్త ట్యూనా, డమ్మీ సాహిత్యం పెట్టినదా, మిక్సింగ్ (గొంతునూ వాద్యాలనూ సరిపాళ్ళలో కలపడం) కూడా అయిపోయిందా? తననాల దశలో ఉన్నదానికి "మాటలు అర్థం కావట్లేదు" అనడం ఎంత తెలివితక్కువో, రేపు కాలేజీ ఫెస్ట్‌లో పాడబోయేదానికి ఇవాళ రాత్రి "చరణం మార్చు" అనడం అంతకంటే అన్యాయం.

"ప్రత్యేకంగా ఎక్కడైనా డౌట్ ఉందా?" అని కూడా అడగండి. చాలామందికి ఉంటుంది. "రెండో చరణం లాగుతోందేమోనని" అంటారు. సగం పని అక్కడే అయిపోతుంది. కొందరికి అభిప్రాయంతో పనే ఉండదు, ఎవరో ఒకరు కూర్చుని వింటే చాలు. అలాంటప్పుడు విని, నచ్చిన చోటు ఒకటి చెప్పి ఊరుకోండి.

2. మూడుసార్లు వినండి

మొదటిసారి ఎక్కడా ఆపకుండా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. ఫోన్ స్పీకర్లో బేస్ గిటార్, డగ్గా మోత లాంటి కింది శబ్దాలు దాదాపు వినపడవు. ఆ సంగతి తెలియక "బేస్ లేదేంట్రా" అని నేనొకసారి నవ్వులపాలయ్యాను. వాట్సాప్‌లో పంపుతుంటే ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పెట్టమనండి, అసలు క్వాలిటీ అలాగే వస్తుంది. మరో ఫోన్లో మోగుతున్న పాటను వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసి పంపితే మాత్రం దాని మీద ఏ అభిప్రాయమూ చెప్పకండి.

రెండోసారి కాగితం, పెన్ను పెట్టుకోండి. అనిపించింది అనిపించినట్టు, సమయంతో సహా రాసుకోండి. "48వ సెకను, ఫ్లూట్ వచ్చింది, వెనక్కి వెళ్ళి మళ్ళీ విన్నాను." "1:32, ధ్యాస పోయింది." కారణాల జోలికి అప్పుడే వెళ్ళొద్దు.

మూడోసారి మాటలు మాత్రమే వినండి. ఆ తర్వాత పాట కట్టేసి, ఒక రాత్రి గడవనివ్వండి. పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే ఏ లైను నోట్లోకి వచ్చిందో చూసుకోండి. అది పల్లవా, ఇంటర్లూడా, అసలేమీ రాలేదా? కట్టినవాడు ఆ పాటను అప్పటికే రెండు వందలసార్లు విని ఉంటాడు, వాడికి అన్నీ గుర్తే. కొత్తగా విన్న మనిషికి ఏం మిగిలిందన్నది వాడు ఎంత తన్నుకున్నా తెలుసుకోలేడు. మనం ఇవ్వగలిగినవాటిలో అన్నిటికంటే విలువైనది అదే.

3. ఎక్కడెక్కడ చెవి పెట్టాలి

తెలుగు పాటలో నేను మొదట చూసేది మాటకూ ట్యూన్‌కూ పొత్తు కుదిరిందా లేదా అని. మన భాషలో హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది. మావాడు "ఈ మది నీదే" అని రాసుకున్నాడు. ట్యూన్‌లో "మ" మీద రెండు దెబ్బలు ఆగాల్సి వచ్చింది. దాంతో "ఈ మాది నీదే" అయింది. ప్రేమ పాట కాస్తా ఆస్తి పంపకాల్లోకి దిగింది! "నది" అయితే "నాది" అవుతుంది. పదం చివరి అక్షరాన్ని ఎంత సాగదీసినా చెవి పెద్దగా పట్టించుకోదు, మొదటి హ్రస్వాన్ని లాగితేనే చిక్కు. విరుపు కూడా అంతే. "నీ రాక కోసం" అన్నదాన్ని తప్పు చోట విరిచి "నీరా... క కోసం" అంటే, వినేవాడికి తాటిచెట్టు గుర్తొస్తుంది. వీటిని కట్టినవాళ్ళు పట్టుకోలేరు. సాహిత్యం వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి, నోరు ఏం పలికినా చెవికి రాసుకున్నదే వినిపిస్తుంది. మీకు వినపడిన మాటను వినపడినట్టే రాసి పంపండి, ఇంకేం చెప్పక్కర్లేదు.

తర్వాత పల్లవి, చరణం. కొత్తవాళ్ళ పల్లవులు చాలాసార్లు బాగానే ఉంటాయి, వాటి మీద నెలల తరబడి కూర్చుంటారు కదా. చరణానికి వచ్చేసరికి ఓపిక అయిపోయి, అదే మూడు నాలుగు స్వరాల మధ్య తిరుగుతుంటారు. చరణం ఎక్కడో ఒకచోట పైకి వెళ్తోందా, వెళ్ళి మళ్ళీ పల్లవి ఎత్తుగడ దగ్గరికి హాయిగా దిగుతోందా, లేక గోడ దూకినట్టు దిగుతోందా? ఆ దిగే చోటును రెండుసార్లు వినండి.

తాళం విషయంలో ఈ మధ్య తరచూ కనపడేది లూప్ గొడవ, అంటే ఒకే దరువు ముక్క తిరిగి తిరిగి మోగడం. చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగానే నాలుగు దెబ్బల లెక్కతో వస్తాయి. కుర్రాడి నోట్లో పుట్టిన ట్యూనేమో జోలపాటలా మూడు లెక్కలో ఊగుతూ ఉంటుంది. దాన్ని తెచ్చి నాలుగు దెబ్బల డ్రమ్ లూప్ మీద పడుకోబెడితే, మాటలు కుంటుతాయి. "ఏదో తేడాగా ఉంది" అనిపిస్తే లూప్ ఆపేసి ఉత్త గొంతుతో పాడి పంపమనండి. సొంత నడక తెలిసిపోతుంది. ఖండ చాపు ఐదు, మిశ్ర చాపు ఏడు లెక్కల్లో కట్టేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకు ఆ బాధ ఇంకాస్త ఎక్కువ.

గొంతు ఇబ్బంది పడుతుంటే ట్యూన్‌ను తిట్టేముందు శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకున్న 'స' ఎత్తు, చూడండి. మన దగ్గర మగవాళ్ళు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నరలో పాడతారు (అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది). అబ్బాయి తన గొంతుకు కట్టుకున్న పాటను అదే శ్రుతిలో చెల్లెలితో పాడిస్తే కింది స్వరాలు ఆ అమ్మాయికి అందవు. అక్కడ మార్చాల్సింది శ్రుతిని.

రాగం దగ్గర కాస్త ఆచితూచి మాట్లాడాలి. మోహన రాగంలో అంతర గాంధారం (పైన ఉండే 'గ') తీసి సాధారణ గాంధారం (దానికి కింద ఉండే 'గ') పెడితే శివరంజని రాగం అవుతుంది. మారేది ఆ ఒక్క స్వరమే, దాంతో పాట మొహమే మారిపోతుంది. మోహన అని చెప్పిన పాటలో మధ్యలో ఆ గాంధారం తగిలితే "తప్పు" అనేయకండి, "ఇక్కడ కావాలనే వేశావా?" అని అడగండి. కావాలని వేస్తే అన్యస్వరం, జారిపోతే అపస్వరం. లలిత సంగీతంలో, సినిమా పాటలో మొదటిదానికి ఎప్పుడూ చోటుంది.

మిక్సింగ్ గురించి ఒక్క మాట చాలు: గొంతు వినపడుతోందా, మునిగిపోయిందా? గదిలో ఫోన్‌తో రికార్డు చేసినవాడికి స్టూడియో నీతులు చెప్పొద్దు.

4. సంగీతం రాకపోతే?

మరీ మంచిది. "ఎందుకు" అన్నది వాళ్ళకు వదిలేసి "ఎక్కడ" అన్నది మీరు చెప్పండి. "రెండో నిమిషం తర్వాత ఫోన్ చూసుకున్నాను" అన్న మాట వినడానికి కష్టంగా ఉన్నా, "అరేంజ్‌మెంట్ ఇంకా బెటర్‌గా ఉండాలి" అన్నదానికంటే వందరెట్లు పనికొస్తుంది. తెలియని పదాలు వాడి పెద్దరికం చూపించబోతే దొరికిపోతారు. "ఫీల్ మిస్ అయింది" అన్నది కూడా అలాంటిదే, దాంతో ఎవరూ ఏమీ సరిచేసుకోలేరు.

5. మీ ఇష్టాన్ని లోపం కింద రాయకండి

నాకు ఆటోట్యూన్ (గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) పడదు. మావాడి పాటల నిండా అదే. అది వాడి లోపం కాదు, నా వయసు. ఇలాంటివి చెప్పాల్సి వస్తే "ఇది నా గోల, నువ్వు పట్టించుకోకు" అని ముందే అనేస్తాను. ర్యాప్ కట్టినవాడికి మెలోడీ లేదని, భజన కట్టినాయనకు బీట్ లేదని చెప్పడం కూడా ఇందులోకే వస్తుంది.

6. "ఎక్కడో విన్నట్టుంది" అనిపిస్తే

ఈ మాట ఊరికే పారేయకండి. కట్టినవాడికి దీనంత టెన్షన్ పెట్టే మాట ఇంకోటి లేదు. ఒకే రాగంలో కట్టిన రెండు పాటల్లో ఒకే పోకడలు రావడం సహజం, అది కాపీ కాదు. స్వరాల వరసా, వాటి లయా రెండూ కలిసి ఒక పూర్తి లైను మేర ఒకేలా నడిస్తేనే ఆలోచించాలి. అప్పుడు ఏ పాటో, అందులో ఏ లైనో వెతికి పట్టుకుని విడిగా పంపండి. పట్టుకోలేకపోతే అసలు అనకండి. "తెలిసి చేశావా" అని అడగొద్దు, చాలాసార్లు తెలియకుండానే చేస్తారు.

ఇంకొకరి వరస మీద తన మాటలు కూర్చినవాడికి మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో వాగ్గేయకారుల (మాటలూ వరసా రెండూ తామే కట్టేవాళ్ళ) లక్షణాలు చెబుతూ, ఇలాంటివాడిని కుట్టికారుడు అన్నాడు. పేరడీలు కట్టే మా ఆఫీసు మిత్రుడికి ఈ మాట చెబితే తెగ మురిసిపోయాడు.

దీనికి తిరగబడ్డ సమస్య ఒకటుంది. మా భజన బృందం పెద్దాయన అన్నమయ్య పదానికి కొత్త వరస కట్టుకొచ్చారు. పాడటం ముగియకముందే ఒకరు "అసలు ట్యూన్ ఇది కాదండీ" అన్నారు. పాపం, ఆయన చేతిలో పుస్తకం మూసేశారు. నిజానికి అన్నమయ్య పాటలు చెక్కిన తాళ్ళపాక రాగిరేకుల్లో చాలామటుకు పాట మీద రాగం పేరే ఉంది, స్వరాలు లేవు. ఇవాళ మనం "అసలు" అనుకుంటున్న వరసల్లో ఎక్కువ భాగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటి సంగీత విద్వాంసులు మన కాలానికి దగ్గరలో కట్టినవే. అలాంటి కొత్త వరస వింటే అడగాల్సినవి వేరు. రేకు మీదున్న రాగమే తీసుకున్నారా, మార్చారా? మారిస్తే ఆ పదం భావానికి అది నప్పిందా?

7. ఇక రాయండి

మీ కాగితం మీద పది విషయాలుంటే అందులోంచి రెండో మూడో తీయండి. ఏవి సరిచేస్తే పాట ఎక్కువ బాగుపడుతుందో అవే. మిగతావి అడిగితే చెప్పొచ్చు.

నచ్చినది చెప్పేటప్పుడు కూడా చోటు చూపించండి. చోటు లేని మెచ్చుకోలు మొహమాటంలా వినిపిస్తుంది. "బాగుంది, కానీ..." అని మాత్రం మొదలుపెట్టకండి, వినేవాడికి "కానీ" తర్వాతదే వినపడుతుంది. రెండు వేరే వాక్యాలుగా రాస్తే సరిపోతుంది. మావాడికి నేను ఆ తర్వాత పంపిన మెసేజ్ ఇలా ఉంది:

"ఒరేయ్, మూడుసార్లు విన్నాను. 48వ సెకను దగ్గర ఫ్లూట్ ఎత్తుకున్న తీరు పొద్దున్నుంచీ వదలట్లేదు. మొదటి చరణంలో నాకు 'మాది నీదే' అని వినపడింది, నువ్వు రాసింది 'మది'యేనా? రెండో చరణం మొదటిదానిలాగే నడిచింది, 1:32 దగ్గర నా ధ్యాస పోయింది. అక్కడ పైకి వెళ్ళే ఆలోచన ఏమన్నా ఉందా?"

పెద్దాయనతో అయితే ఇలా రాసి పంపడం బాగోదు. భజన అయ్యాక చెప్పులు వేసుకుంటున్నప్పుడు పక్కకు వెళ్ళి, "బాబాయి గారూ, ఆ పల్లవి ఇంకోసారి అనరూ" అంటాను. ఆయన పాడతారు. "రెండో లైను దగ్గర నాకు ఊపిరి అందట్లేదండీ, మీరెలా తీసుకుంటున్నారు?" అంటాను. ఆయనే ఒకసారి ఆగి, తలూపి, ఇంటికెళ్ళి మార్చుకొస్తారు.

ఎవరికైనా సరే, చుట్టాలంతా ఉన్న ఫ్యామిలీ గ్రూపులో మెచ్చుకోలు వరకే. సరిచేయాల్సినవి విడిగా చెప్పండి.

8. మార్చి పంపినప్పుడు

పాతది ముందు విని, తర్వాత కొత్తది వినండి. మారినచోటు నిజంగా బాగుపడిందా, లేక మీ మాట విని పాడైందా? అది కూడా జరుగుతుంది, జరిగితే "నీదే బాగుంది, వెనక్కి మార్చెయ్" అని ఒప్పేసుకోండి. మీరు చెప్పినది తీసుకోకపోతే మళ్ళీ ఎత్తకండి. పాట వాళ్ళది.

మావాడు రెండో చరణాన్ని పూర్తిగా మార్చి పంపాడు, పై షడ్జమం (పై 'స') దాకా వెళ్ళింది. "మాది నీదే" మాత్రం అలాగే ఉంచేశాడు. ఫ్రెండ్స్ అందరికీ అదే నచ్చిందట.