హిమానీ అవక్షేపాల్లో శిలాశైథిల్యం: యురేనియం నిష్పత్తిని కొలిచే తీరు

చంద్రపూర్ జిల్లాలోని తాల్చిర్ గుండ్రాళ్ల పొరను (పురాతన హిమానీనదం వదిలివెళ్లిన అవక్షేపాన్ని) పరిశీలించే మన విద్యార్థులు ముందుగా గుర్తించవలసింది, సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి ఆ అవక్షేపంలో యురేనియం-234 లోటు కనిపిస్తే అది ఇటీవలి శైథిల్యానిదే తప్ప హిమానీనదం రాయిని నూరిన కాలానిది కాదని. ఆ ఐసోటోపు అర్ధాయువు దాదాపు 2,45,000 ఏళ్లే కనుక ఆనాటి లోటు గుర్తు ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది.

నమూనాను తడిగా జల్లించి 50 మైక్రాన్ల కన్నా సన్నని రేణువులు తీసుకోవాలి. యురేనియం-238 క్షయమైనప్పుడు పుట్టే కేంద్రకం (తరువాత యురేనియం-234గా మారేది ఇదే) కొన్ని పదుల నానోమీటర్లు వెనక్కి ఎగిరి, అంచున ఉంటే రేణువును దాటిపోతుంది కనుక లోటు సన్నని మట్టిలోనే తేటగా తెలుస్తుంది.

తరువాత సున్నాన్ని (కాల్షియం కార్బొనేటును), ఇనుప ఆక్సైడు పూతను, సేంద్రియ పదార్థాన్ని వరుసగా తొలగించాలి. సజల ఆమ్లపు చుక్కకు మట్టి పొంగుతున్నంతసేపు సున్నం మిగిలి ఉన్నట్టే. విసుగు పుట్టించే పనే, కానీ నీటి నుంచి పూతలో చేరిన అదనపు 234 అసలు లోటును కప్పేస్తుంది. మిగిలిన ఖనిజాన్ని ప్రయోగశాలలో కరిగించి, మాస్ స్పెక్ట్రోమీటరుతో 234, 238ల క్రియాశీలతా నిష్పత్తిని (రెండూ క్షయమయ్యే వేగాల నిష్పత్తిని) కొలవాలి: 1 అయితే సమతాస్థితి, అంటే 234 పుట్టినంత వేగంగానే క్షయమవుతోందని; తగ్గితే లోటు.