పిల్లలు ఆటలకు పోనంటున్నారా? ముందు కారణం వెతకండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో మన తెలుగు ఇళ్లకు ఎక్కడికి వెళ్లినా ఈ మధ్య ఒకటే మాట వినిపిస్తోంది: "మావాడికి ఒళ్లు బద్ధకం, కదలడు." ఆ మాట నాకు నచ్చదు. ఏ పిల్లాడికైనా ఆడాలనే ఉంటుంది, ఎక్కడో ఏదో అడ్డం పడుతుంది. పెద్దవాళ్లం ఆ అడ్డాన్ని వెతకకుండా పిల్లాణ్ణి తిడతాం.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటా ఒక్కసారే కానక్కర్లేదు. బడిలో పరుగెత్తింది, సైకిల్ తొక్కింది, సాయంత్రం వీధిలో ఆడింది, అన్నీ కలుపుకోవచ్చు.

సమస్య: సెల్ వదలడు, బయటికి పొమ్మంటే పోడు

కారణం: ఒకసారి సాయంత్రం ఐదున్నరకు మీ వీధిలోకి తొంగి చూడండి. ఒకడు ఒడియా ట్యూషన్‌లో ఉంటాడు, ఒకడు లెక్కల ట్యూషన్‌లో ఉంటాడు, ఇంకొకడు అప్పుడే బడి నుంచి వచ్చి అన్నం తింటుంటాడు. మీవాడు బయటికి వెళ్లినా ఆడడానికి తోడు లేరు. సెల్‌లో అయితే ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

పరిష్కారం: సెల్ లాక్కుంటే గొడవే మిగులుతుంది. ముందు తోడు కుదర్చండి. పక్కనున్న రెండు మూడు ఇళ్ల అమ్మానాన్నలతో మాట్లాడి, వారంలో మూడు రోజులు ఒకే టైముకి పిల్లల్ని వదిలేలా ఒప్పించండి. ట్యూషన్ టైము మార్చమని మాస్టారిని అడగడానికి మొహమాటపడకండి, ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఇంట్లో ఆట ముందు, సెల్ తరువాత అన్న వరస పెట్టండి. సెల్‌తో కూర్చున్నాక లేపడం కష్టం, ఆడి వచ్చాక కాసేపు ఇవ్వడం తేలిక. మొదటి వారం మీరూ వీధి అరుగు మీద కూర్చోండి. చిన్నపిల్లలకు అదే పెద్ద ధైర్యం.

సమస్య: రెండు రోజులు వెళ్లాడు, మూడో రోజు నుంచి మానేశాడు

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పిల్లలు నోరు విప్పి చెప్పరు. "కాలు నొప్పి" అంటారు, "హోంవర్క్ ఉంది" అంటారు.

కారణం: జట్లు వేసుకునేటప్పుడు వాణ్ణి చివర్న తీసుకుంటారు. లేదా మొదటి బంతికే అవుటై అరగంట గట్టు మీద కూర్చోవలసి వస్తుంది. ఊరు మారి వచ్చిన పిల్లలైతే తోటివాళ్లు ఒడియాలో అరిచే మాటలు గబుక్కున అర్థంకాక తప్పు చేసి నవ్వులపాలవుతారు.

పరిష్కారం: "ఎందుకు వెళ్లలేదు" అని అడిగితే సాకే వస్తుంది. "ఈరోజు ఎవరెవరు ఆడారు, నువ్వు ఎక్కడ నిలబడ్డావు" అని అడగండి, అసలు సంగతి బయటపడుతుంది.

బంతి పట్టడం రాని పిల్లాడికి ఇంట్లోనే నేర్పవచ్చు. పాత గుడ్డల్ని గట్టిగా చుట్టి, తాడు బిగించి, నారింజకాయంత బంతి చేయండి. తగిలినా నొప్పి పుట్టదు కాబట్టి పిల్లాడు కళ్లు మూసుకోడు. నాలుగడుగుల దూరంలో నిలబడి, చెయ్యి కిందినుంచి ఊపి ఛాతీ ఎత్తుకి మెల్లగా వెయ్యండి. అరచేతులు బంతికి ఎదురుగా పెట్టి, తగలగానే ఒంటికేసి లాక్కోమని చెప్పండి. వరసగా ఐదుసార్లు పట్టాక ఒక అడుగు వెనక్కి జరగండి. రోజూ పది నిమిషాలు చాలు. జారిపోయిన ప్రతిసారీ వ్యాఖ్యానం చెయ్యకండి.

వీధిలో అయితే ఎవరూ ఎక్కువసేపు అవుటై కూర్చోనక్కర్లేని ఆటలు పెట్టించండి. ఏడు పెంకులాటలో విసిరేవాడూ కావాలి, పరుగెత్తేవాడూ కావాలి, పెంకులు పేర్చేవాడూ కావాలి. పరుగు రానివాడికీ అందులో పని ఉంటుంది. భాష పెద్దగా అవసరం పడని ఆట కూడా.

సమస్య: కోచింగ్‌లో చేర్పిస్తే ఏడుస్తున్నాడు

కారణం: ఆరేడేళ్లకే ఒకే ఆట, రోజూ అదే డ్రిల్లు, ఇంటికొస్తే "ఎన్ని కొట్టావు" అనే ప్రశ్న. ఆట కాస్తా ఇంకో ట్యూషన్ అయిపోతుంది.

పరిష్కారం: పదేళ్లు దాటేవరకు రకరకాల ఆటలు ఆడనివ్వండి. సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి బరువులు ఎత్తడం మొదలుపెట్టింది పన్నెండేళ్ల వయసులో. ఇంటికొచ్చిన పిల్లాణ్ణి "బాగా ఆడావా" అని అడగండి, స్కోరు వాడే చెబుతాడు.

సమస్య: పెద్దమనిషి అయ్యాక అమ్మాయి ఆటలు మానేసింది

కారణం: చాలా ఇళ్లలో మానింది అమ్మాయి కాదు, మాన్పించింది మనం. దానికి తోడు బట్టల ఇబ్బంది, బడిలో సరైన మరుగుదొడ్డి లేకపోవడం, నెలసరి రోజుల్లో మరక పడుతుందేమోనన్న టెన్షన్.

పరిష్కారం: మనం ఉన్న చోటే చూడండి. జూన్‌లో రజొ పండుగ మూడు రోజులూ ఒడియా ఇళ్లలో ఆడపిల్లలకే ఊయలలు కడతారు. కుమార పూర్ణిమ నాడు అమ్మాయిలు గొంతుకూర్చుని, కాళ్లు మార్చి మార్చి ముందుకు చాస్తూ పుచి అనే ఆట ఆడతారు. తొడలకూ నడుముకూ మంచి వ్యాయామం అది. ఆ పండగ రోజుల్లో తప్పుకానిది మిగతా రోజుల్లో ఎందుకు తప్పు? పొట్టి చేతుల టీషర్టు, ముదురు రంగు ట్రాక్ ప్యాంటు కొనిపెట్టండి. నలుగురమ్మాయిల్ని కలిపి సైకిళ్ల మీద పంపండి. నెలసరిలో ఆడాలా వద్దా అనేది అమ్మాయి ఇష్టానికి వదిలేయండి, ఆడితే హాని లేదు.

సమస్య: కాసేపు పరుగెడితేనే ఆయాసం, నీరసం, కాళ్ల నొప్పులు

ఇక్కడ మాత్రం బలవంతపెట్టకండి. ముందు డాక్టరుకి చూపించండి.

కనురెప్ప లోపల పాలిపోయి, మట్టీ సుద్దా తినే అలవాటు కూడా ఉంటే రక్తహీనత అయి ఉండవచ్చు. బడిలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రను పిల్లలు పారేస్తుంటారు, కనుక్కోండి. మాత్ర వేసుకున్న వెంటనే టీ ఇవ్వకండి, ఐరన్ ఒంటికి పట్టదు. నులిపురుగుల మాత్ర కూడా తప్పించకండి.

పరుగెత్తాక దగ్గు, పిల్లికూతలు వస్తే ఆస్తమా కావచ్చు. సరైన మందుతో చాలామంది పిల్లలు మామూలుగానే ఆడతారు.

రాయగడ, కొరాపుట్, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు ఉన్నవాళ్లు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. ఒళ్లూ ఎముకలూ మాటిమాటికీ నొప్పి అన్నా, కళ్లు పచ్చబడినా రక్తపరీక్ష చేయించండి. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్షలు చేస్తున్నారు. జబ్బు ఉందని తేలితే పిల్లాడు ఎంతవరకు ఆడవచ్చో డాక్టరునే అడగండి. మాటిమాటికీ నీళ్లు తాగాలి, అలిసిపోయానన్న క్షణంలో ఆపేయాలి, మండుటెండలో పరుగు వద్దు. ఈ సంగతి పీటీ మాస్టారికి కాగితం మీద రాసి ఇవ్వండి.

సమస్య: ఎండలు, వానలు

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడులోపు, సాయంత్రం ఐదు దాటాక ఆడించండి. తలనొప్పి, వాంతి, తూలడం కనిపిస్తే నీడకు తెచ్చి ఒళ్లు తడపండి. తెలివి తప్పినా, మాట తడబడినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒడిశాలో పిడుగులు ప్రాణాలు తీస్తాయి. ఉరుము వినపడగానే మైదానం వదిలి గట్టి కట్టడంలోకి వెళ్లాలనీ, చెట్టు కిందికి పోకూడదనీ, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలనీ పిల్లలకు ముందే నేర్పండి.