పెద్దావిడ బిళ్ళల డబ్బా: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

అరవై దాటిన ఆడవాళ్ళు విటమిన్ బిళ్ళలు వేసుకోవాలా? అందరికీ కలిపి ఒకే జవాబు చెప్పలేం. బీ12 తగ్గిన ఆవిడకి ఆ బిళ్ళ మందు. తగ్గని ఆవిడకి డబ్బు దండగ. ఐరన్ అలా కూడా కాదు, అవసరం లేకుండా వేసుకుంటే అసలు జబ్బును కప్పేస్తుంది. అందుకే ఒక్కో బిళ్ళనీ విడిగా చూసి, ఇది ఎందుకు, ఎంత, ఎన్నాళ్ళు అని తేల్చుకోవాలి. అమ్మకో అత్తగారికో మామ్మగారికో ఈ లెక్క చూసిపెట్టేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాం.

ముందు డబ్బా బోర్లించండి

అమలాపురమైనా భీమవరమైనా ప్రతి ఇంట్లో పాత బిస్కెట్ల డబ్బాలోనో, ఫ్రిజ్ మీద క్యారీబ్యాగులోనో బిళ్ళల మూట ఒకటి ఉంటుంది. దాన్ని పేపరు మీద బోర్లించండి. నరాల బలానికని ఆర్ఎంపీ ఇచ్చిన గొట్టాలు, అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన సీసా, కువైట్ నుంచి వచ్చిన చేపనూనె, కోడలు నెలలు నిండినప్పుడు ఏఎన్ఎం ఇస్తే మిగిలిపోయిన ఎర్ర ఐరన్ బిళ్ళలు, పాలల్లో కలుపుకునే బలం పొడి, అన్నీ లెక్కలోకి రావాలి. పొడి మందు కాదనుకుని వదిలేయకండి, దానిలోనూ విటమిన్లే ఉంటాయి.

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: పేరు, లోపల ఏముంది, ఎంత ఉంది, ఎవరు ఎప్పుడు వేసుకోమన్నారు. నాలుగో గడి ఖాళీగా ఉన్నవే ముందు అనుమానించాల్సినవి.

తరవాత ఒకే సరుకు ఎన్ని చోట్ల ఉందో కూడండి. ఉదాహరణకి విటమిన్ డి. కాల్షియం బిళ్ళలో 250 యూనిట్లు, రోజుకు రెండు వేసుకుంటే 500. మల్టీవిటమిన్‌లో 400. అమెరికా సీసాలో 5,000. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల ప్యాకెట్టును రోజుకి పంచితే 8,500 పైచిలుకు. మొత్తం 14,000 దాటింది. అరవై దాటినవాళ్ళకి రోజుకి చాలేది 800. లోపం లేనివాళ్ళు రోజూ 4,000 దాటకూడదు. ఇందులో ఏ ఒక్కరూ తప్పు మందు ఇవ్వలేదు, ఎవరికి వాళ్ళు ఒకటి ఇచ్చారు, కూడినవాళ్ళు లేరు.

షీటు మీద పెద్దక్షరాల్లో ఉన్న అంకెకు మోసపోవద్దు. కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మి.గ్రా. మాత్రమే. సిట్రేట్ అయితే 1000 మి.గ్రా. బిళ్ళలో 210. ‘ఎలిమెంటల్ కాల్షియం’ అన్న మాట పక్కన ఉన్న అంకె రాసుకోండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉందంటే అది ఆహార పదార్థంగా అమ్ముతున్న సరుకు, మందుల లైసెన్సు మీద తయారైంది కాదు.

బీ12: గోదావరి డెల్టాలో ముందు చూడాల్సింది

షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు, పొద్దున్నే గ్యాస్ బిళ్ళ లేకపోతే గడవనివాళ్ళు, నీచు ముట్టనివాళ్ళు, ఈ ముగ్గురికీ బీ12 తగ్గడానికి అవకాశం ఎక్కువ. వయసుతో కడుపులో ఆమ్లం తగ్గడం వల్ల తిన్నదాంట్లోని బీ12 కూడా సరిగ్గా ఒంటబట్టదు. కార్తీకంలో నెల్లాళ్ళు చేప మానేసినందుకు ఏమీ కాదు, కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది. జీవితమంతా పప్పూ నీళ్ళ మజ్జిగతో గడిపినవాళ్ళ సంగతే వేరు.

అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలడం, నాలుక నున్నగా ఎర్రబడడం, మతిమరుపు కనిపిస్తే పరీక్ష చేయించండి. బిళ్ళ మొదలెట్టక ముందే రక్తం ఇవ్వాలి, వేసుకున్నాక ఇస్తే అంకె పెరిగి లోపం కనపడదు. 200 పికోగ్రాములకు లోపు ఉంటే లోపమే. 200–300 మధ్య ఉండి లక్షణాలుంటే డాక్టరు సాధారణంగా మందు మొదలెడతారు. నోటి బిళ్ళ అయితే రోజుకి 1,000 మైక్రోగ్రాములు. నడక తూలేంత వచ్చినవాళ్ళకి ముందు ఇంజెక్షన్లే మేలు. మూడు నెలలకు మళ్ళీ చూపించాలి. మెట్‌ఫార్మిన్ మానలేనివాళ్ళకి ఈ బిళ్ళ కూడా మానడం కుదరదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఫోలిక్ యాసిడ్‌తో. బీ12 తగ్గినవాళ్ళకి రక్తం తక్కువని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో ఇస్తే హిమోగ్లోబిన్ బాగుపడుతుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారు చేసిన అమెరికా లెడర్లీ ప్రయోగశాల బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలదే. ఆ మందు వాడేవాళ్ళకి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి, కాని డాక్టరు చెప్పిన రోజునే. రెండూ పసుపు బిళ్ళలే కదా అని తారుమారు చేసి మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ రెండు షీట్లూ ఒకే డబ్బాలో పెట్టకండి.

నరాల బలం గొట్టాలలో బీ6 ఉంటుంది. రెండు మూడు రకాలు కలిపి నెలల తరబడి వాడితే, రోజుకి 100 మి.గ్రా. చేరకముందే, అదే నరాలను పాడుచేయగలదు. తిమ్మిర్లకని వేసుకున్నదే తిమ్మిర్లు తెస్తే ఎవరికీ అనుమానం రాదు. బీ కాంప్లెక్స్ వేసుకుంటే మూత్రం పచ్చగా రావడం మాత్రం ఆందోళన పడాల్సింది కాదు, అది రైబోఫ్లేవిన్ రంగు.

విటమిన్ డి, ఎండ, ఆ 60,000 ప్యాకెట్టు

ఇంత ఎండ ఉన్న చోట డి తక్కువేంటి అంటారు. పొద్దున్న ఆరింటి ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది, డి మాత్రం తయారవదు. మీ నీడ మీకన్నా పొట్టిగా పడే వేళలోనే డి తయారుచేసే కిరణాలు తగినంత ఉంటాయి. చేతులూ ముఖమూ పదిహేను ఇరవై నిమిషాలు ఎండ తగలాలి, కొంగు కప్పుకుంటే లెక్కలోకి రాదు. రోహిణి కార్తెలో పెద్దావిడను మిట్టమధ్యాహ్నం పెరట్లో కూర్చోబెట్టకండి, వడదెబ్బ తగులుతుంది. శీతాకాలంలో పదకొండు నుంచి ఒంటిగంట లోపు సరిపోతుంది. నాట్లకు వెళ్ళే ఆవిడ కంటే ఇంటిపట్టునుండే ఆవిడకే లోపం ఎక్కువ.

పరీక్షలో 20 నానోగ్రాముల లోపు వస్తే మామూలుగా వారానికి 60,000 యూనిట్లు, ఎనిమిది వారాలు. తరవాత నెలకొకటి, లేదా రోజుకి 800–1,000 యూనిట్ల చిన్న బిళ్ళ. కొవ్వులో కరిగేది కాబట్టి పాలతోనో, నెయ్యి వేసుకున్న అన్నం తిన్నాకో వేసుకోవాలి. ఎనిమిది ప్యాకెట్లూ తెచ్చిన రోజే ఒక్కో దాని మీద ఒక్కో ఆదివారం తేదీ రాసేయండి. ఎందుకంటే ఇందులో ప్రమాదమంతా వారం మందును రోజూ వేసుకోవడంలోనే ఉంది. అలా కొన్ని వారాలు సాగితే వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, అయోమయం వస్తాయి, రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఈ లక్షణాలుంటే డి, కాల్షియం రెండూ ఆపి, అదే రోజు ఆసుపత్రిలో రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే పరీక్ష) చూపించండి.

లోపం లేనివాళ్ళకి డి వల్ల ఎముకలు విరగకుండా ఉంటాయా? లోపం ఉందో లేదో చూడకుండా తీసుకున్న 25,871 మందిలో సగం మందికి అమెరికాలో రోజూ 2,000 యూనిట్లు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం విరగడాలు తగ్గలేదు.

కాల్షియం: పళ్ళెంలో లెక్కేసి మిగతాది బిళ్ళలో

రోజుకి కావలసింది 1,000–1,200 మి.గ్రా. బిళ్ళ ముందు పెట్టుకునే లోపు తిండి కూడండి. గ్లాసు పాలు (200 మి.లీ.) 240 దాకా. గట్టి పెరుగు ఓ కప్పు 180. రెండు పెద్ద చెంచాల రాగిపిండితో జావ 100 పైచిలుకు. పెద్ద చెంచాడు నువ్వులు 120. చిమ్మిలి ఉండ తినలేని షుగరు ఆవిడకి నువ్వులపొడి పచ్చడిలోకో కూరలోకో వేయండి. ఆషాఢానికే కాకుండా మునగాకు వారానికి రెండుసార్లు పప్పులో పడితే గుప్పెడుకి 75 వస్తుంది. మునగాకు పడిన రోజు మొత్తం 700 దాటింది. ఇక 500 మి.గ్రా. బిళ్ళ ఒక్కటి చాలు, రెండు అక్కర్లేదు.

పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోనే ఉండే ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది, దాన్ని నమ్ముకోకండి. పుస్తెలమ్మి తినమన్న పులసైనా ముళ్ళు తీసి పారేస్తాం కాబట్టి ఈ లెక్కలోకి రాదు. ముల్లుతో సహా నమిలే చిన్న చేపలే లెక్క. ఎండు మెత్తళ్ళు మంచివే, బీపీ ఉంటే నానబెట్టి రెండు నీళ్ళు పారబోశాక వండండి.

కార్బొనేట్ బిళ్ళను అన్నంతో వేసుకోవాలి, పరగడుపున వేసుకుంటే సరిగ్గా కరగదు. గ్యాస్ బిళ్ళ వాడేవాళ్ళకి సిట్రేట్ నయం. ఒక పూటకి 500 మించితే మిగతాది సరిగ్గా ఒంటబట్టదు. రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరును అడగాలి: 36,282 మంది అమెరికా మహిళల్లో సగం మందికి రోజూ 1,000 మి.గ్రా. కాల్షియం, 400 యూనిట్ల డి ఏడేళ్ళ పాటు ఇచ్చి చూస్తే, వాళ్ళకి మూత్రపిండాల్లో రాళ్ళు 17 శాతం ఎక్కువ వచ్చాయి. తుంటి ఎముక విరగడంలో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఐరన్: కారణం తేలాకే

నెలసరి ఆగిన ఆవిడకు నెలనెలా ఐరన్ పోయే దారి లేదు. అయినా హిమోగ్లోబిన్ 12 లోపు ఉందంటే, ఎక్కడో పోతోందనుకోవాలి. మొలలు, నొప్పి బిళ్ళల వల్ల కడుపులో పుండు, పేగుల్లో గడ్డ, చెప్పుల్లేకుండా చేలో తిరిగినవాళ్ళకి కొంకిపురుగులు. మూత్రపిండాల జబ్బు వల్ల కూడా తగ్గొచ్చు. కోడలి ఎర్ర బిళ్ళలు వేసుకుంటే అంకె కొంచెం పెరుగుతుంది, లోపలి పుండు అలాగే ఉంటుంది. పైగా ఐరన్ వల్ల మలం నల్లబడి, రక్తం పడడం వల్ల వచ్చే నలుపు తెలియకుండా పోతుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే పరీక్ష) చూపించి, కారణం వెతికాకే మొదలెట్టండి.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 38,772 మంది పెద్ద వయసు స్త్రీలను 1986 నుంచి గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని రకాల బిళ్ళలు వాడినవాళ్ళలో మరణాలు కాస్త ఎక్కువ కనిపించాయి. ఐరన్ దగ్గర ఆ తేడా మరీ స్పష్టం. అది గమనించింది మాత్రమే, రెండు గుంపులుగా పంచి బిళ్ళలు ఇచ్చి చూసింది కాదు. జబ్బుతో ఉన్నవాళ్ళే బిళ్ళలు ఎక్కువ వేసుకుని ఉండొచ్చు. బిళ్ళ చంపిందనడానికి అది చాలదు, ఊరికే వేసుకుంటే ఆయుష్షు పెరుగుతుందనుకోవడానికీ ఆస్కారం ఇవ్వదు.

మిగతావి

మామూలుగా తినే ఆవిడకు మల్టీవిటమిన్ అవసరం లేదు. పళ్ళు లేక నెలల తరబడి జావ మీద ఉన్న ఆవిడకి ఇవ్వొచ్చు, ఐరన్ లేని రకం చూసి. విటమిన్ ఇ, రక్తం పలచబడే మందులు కలిస్తే రక్తస్రావం ఎక్కువవుతుంది. రక్తం పలచబడడానికి వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవాళ్ళు విటమిన్ కె ఉన్న బిళ్ళ కొత్తగా మొదలెట్టినా, ఉన్నట్టుండి మానినా రక్తపరీక్ష అంకె మారిపోతుంది, ముందే చెప్పాలి. లంక పొగాకు చుట్ట కాల్చే పెద్దావిడకు బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) బిళ్ళ అసలే వద్దు: పొగతాగే ఫిన్లాండ్ మగవాళ్ళకు రోజూ 20 మి.గ్రా. ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. కంటి బిళ్ళల వెనక ఈ పేరు ఉందేమో చూడండి. జుట్టుకని వేసుకునే బయోటిన్ థైరాయిడ్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది, రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు ఆపాలి.

సెలైన్ ఎక్కించుకుంటే సత్తువ వస్తుందన్న నమ్మకం ఇంకా పోలేదు. అరలీటరు సీసాలో ఉన్నది నీళ్ళు, 4.5 గ్రాముల ఉప్పు. పచ్చరంగు వచ్చింది ఒక బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ వల్ల. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఆ ఉప్పూ నీళ్ళూ ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం వస్తుంది.

ఏ వేళకు ఏది

పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ బిళ్ళ, మంచినీళ్ళతో. దానికీ కాల్షియం, ఐరన్‌లకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇది పాటించక థైరాయిడ్ అంకె దిగక, మోతాదు పెంచుకుంటూ పోయే ఇళ్ళు చాలా ఉంటాయి. కాల్షియం మధ్యాహ్నం అన్నంతో. డి కూడా అప్పుడే. బీ12 ఎప్పుడైనా. డాక్టరు రాసిన ఐరన్ ఉంటే కాల్షియానికి రెండు గంటలు దూరంగా, టీ కాఫీలతో కాకుండా. వారానికొకటి వేసుకునే ఎముకల బిళ్ళ (అలెండ్రొనేట్) ఉంటే ఆ రోజు పొద్దున్న గ్లాసు నిండా నీళ్ళతో అది ఒక్కటే వేసుకుని, అరగంట కూర్చోవాలి, పడుకోకూడదు. అదే రోజు థైరాయిడ్ బిళ్ళా ఉంటే ఏది ముందో డాక్టరునే అడగండి.

డెల్టా ఉక్కకి బిళ్ళలు చెమ్మగిలుతాయి. షీటులోంచి ముందే తీసి డబ్బాలో పోసుకోవద్దు, పొయ్యి పక్కనా ఫ్రిజ్ మీదా పెట్టొద్దు. గోదారి పొంగి ఇంట్లోకి నీళ్ళొస్తే తడిసిన షీట్లు ఎండబెట్టి వాడకండి.

ఆ నాలుగు గడుల కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచండి. మూడు నెలలకు బీ12, డి, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ చేయించి, కాగితంతో కలిపి డాక్టరుకు చూపించి, ఏది కొట్టేయాలో ఆయన చేతే కొట్టించండి.