పెదవుల తడి ఆరకుండా: మెత్తగా, నిండుగా ఉంచుకునే పద్ధతి

అద్దానికి దగ్గరగా వెళ్లి కింది పెదవిని చూస్తే నిలువుగా సన్నని గీతలు కనిపిస్తాయి. పెదవిలో తడి ఉన్నంతసేపు ఆ గీతలు పూడుకుపోయి పెదవి నిండుగా, నున్నగా ఉంటుంది. తడి ఆరగానే అవే గీతలు లోతై, పొట్టు లేచి, చివరికి పగుళ్లవుతాయి. కాబట్టి మెత్తదనానికొకటి, నిండుదనానికొకటి అని వేర్వేరు చిట్కాలు వెతకనక్కర్లేదు. రెండిటికీ మూలం తడి నిలవడమే.

అది నిలవడమే కష్టం. పెదవి ఎర్రభాగంలో పైపొర చాలా పల్చన. చెమట గ్రంథులు లేవు, నూనె గ్రంథులు దాదాపు లేవు, ఎండను అడ్డుకునే మెలనిన్ తక్కువ. మిగతా చర్మానికి సొంత నూనె ఊరుతుంది, పెదవికి ఆ వసతి లేదు. ఆ నూనెపొరను మనమే వేయాలి, చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ వేయాలి.

ముందుగా మానాల్సింది నాలుకతో తడపడం. పెదవి బిగుసుకున్నట్టు అనిపించగానే మనకు తెలియకుండానే నాలుక బయటికొస్తుంది. ఒక్క నిమిషం హాయిగా ఉంటుంది. తర్వాత ఆ ఉమ్మి ఆవిరైపోతూ పెదవిని ముందుకంటే ఎక్కువ ఎండగడుతుంది. పైగా ఉమ్మిలో ఆహారాన్ని అరిగించే ఎంజైములుంటాయి, అవి పల్చటి పైపొరను రేపుతాయి. కొందరు పిల్లలకు నోటి చుట్టూ నాలుక అందినంత మేర ఎర్రటి వలయం ఏర్పడేది ఇందుకే. ‘నాకకూడదు’ అని గట్టిగా అనుకుంటే అలవాటు పోదు. బామ్ డబ్బా చేతికందేచోట ఉంచి, నాలుక వెళ్లబోయిన ప్రతిసారీ బామ్ రాయండి. రెండు వారాలు వదలకుండా చేస్తే బిగుతు తగ్గుతుంది, బిగుతు తగ్గితే నాలుకకు పని ఉండదు.

లేచిన పొట్టును పీకడం కూడా అంతే చెడ్డ అలవాటు. పొట్టు ఒక చివర ఊడినా రెండో చివర పచ్చి చర్మానికి అంటుకునే ఉంటుంది, లాగితే రక్తం వస్తుంది. వేలాడే ముక్కను శుభ్రమైన చిన్న కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించి, మీద పెట్రోలియం జెల్లీ రాసి వదిలేయండి.

రాత్రి చేసే పని

పళ్లు తోముకున్నాక పెదవుల మీద మిగిలిన పేస్టు నురగను నీళ్లతో బాగా కడగండి. గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డను నిమిషం పాటు పెదవులకు ఆనించి ఉంచితే పొట్టు నానుతుంది. అదే గుడ్డతో గట్టిగా నొక్కకుండా, చిన్న చిన్న గుండ్రాలుగా రెండు మూడు సార్లు తిప్పితే రాలాల్సింది రాలిపోతుంది. ఇక పూర్తిగా తుడవొద్దు. కాస్త చెమ్మగా ఉండగానే బియ్యపుగింజంత పెట్రోలియం జెల్లీ తీసుకుని, అంచులు దాటి, సెలవుల (నోటి మూలల) దాకా రాయండి. అసలు కిటుకు ఈ చెమ్మలోనే ఉంది. జెల్లీ తడిని ఇవ్వదు, ఉన్న తడిని బయటికి పోనివ్వదు. ఎండిన పెదవి మీద రాస్తే మూయడానికి లోపల తడి తక్కువే ఉంటుంది.

గ్లిజరిన్, హైల్యురోనిక్ యాసిడ్ ఉన్న సీరం వాడేవాళ్లు దాన్ని చెమ్మ మీద రాసి, పైన తప్పకుండా జెల్లీయో మైనపు బామో వేయాలి. ఇవి నీటిని లాగే పదార్థాలు. గాలి పొడిగా ఉన్నప్పుడు పైన మూత లేకపోతే పెదవి లోపలి నీటినే పైకి లాగి గాలికి వదిలేస్తాయి. సీరం రాసినా పెదవులు ఎండుతున్నాయంటే చాలాసార్లు తప్పు ఇక్కడే జరుగుతుంది. నోటితో గాలి పీల్చే అలవాటున్నవాళ్లకు ఎంత రాసినా తెల్లారేసరికి ఎండిపోతుంది. వాళ్లు ముక్కుదిబ్బడ సంగతి ముందు చూసుకోవాలి.

చక్కెర స్క్రబ్ మీద మోజు ఎక్కువగానీ, తడిగుడ్డ చేసే పనికి అది పెద్దగా కలిపేదేమీ లేదు. చేయాలనే ఉంటే ఒక చెంచా మెత్తటి చక్కెరలో అర చెంచా నూనె కలిపి, వారానికి ఒకసారే, 30 సెకన్లకు మించకుండా రుద్దండి. పగుళ్లున్నప్పుడు అసలు వద్దు. నిమ్మరసం ఎప్పుడూ వద్దు, దాని ఆమ్లం మండిస్తుంది, ఆ మీద ఎండ పడితే చర్మం కమిలి నల్లమచ్చ పడొచ్చు.

బామ్ ఎంచుకోవడం

రాయగానే చల్లగా, చురుక్కుమని అనిపిస్తే మందు పనిచేస్తోందనుకుంటారు. నిజానికి అది మెంథాల్, కర్పూరం, పుదీనా నూనె, దాల్చినచెక్క నూనెల వల్ల వచ్చే చురుకు. పగిలిన పెదవిని ఇవి ఇంకా రేపుతాయి, మళ్లీ ఎండుతుంది, మళ్లీ రాస్తారు. రోజంతా బామ్ రాస్తున్నా తగ్గట్లేదంటే డబ్బా వెనక ఈ పేర్లున్నాయేమో చూడండి. పెట్రోలియం జెల్లీ, తేనెమైనం, షియా బటర్ (షియా గింజల కొవ్వు), డైమెథికోన్ (ఒక సిలికోన్) లాంటివి ఉండి, సువాసన లేనిది మంచిది. బామ్ మార్చినా మంట తగ్గకపోతే టూత్‌పేస్టును అనుమానించండి. నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్, ఘాటైన పుదీనా, దాల్చినచెక్క రుచి లేని పేస్టుకు మారి నెల చూడండి.

ఇంట్లో చేసుకుంటే తేనెమైనం 10 గ్రాములు, షియా బటర్ 15, బాదం నూనె 25 సరిపోతాయి (బాదం పడనివాళ్లు పొద్దుతిరుగుడు నూనె వాడొచ్చు). గిన్నెను వేడినీళ్ల మీద ఉంచి మైనం, నూనె కరిగించాలి, నేరుగా మంట మీద పెట్టొద్దు. దించాక షియా కలపాలి. ఒక చుక్కను చల్లటి చెంచా మీద వేసి వేలితో రాసి చూడండి. గట్టిగా ఉంటే నూనె, జారిపోతే మైనం మరికొంచెం కలపండి. డబ్బాల్లో పోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎందుకంటే మెల్లగా చల్లారితే షియా రవ్వరవ్వగా పేరుకుంటుంది. పాత్రలో నీటి చుక్క ఉన్నా బూజు పట్టొచ్చు.

నిండుదనం ఎక్కడ పోతుంది

వయసుతో చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రొటీన్ తగ్గి పెదవి పల్చబడుతుంది. ఎండ, సిగరెట్ దాన్ని తొందరపెడతాయి. అందుకే పగలు బయటికెళ్తే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తిని చెప్పే అంకె) 30 లేదా అంతకు మించిన బామ్ రాయాలి, రెండు గంటలకోసారి, తిన్నాక, తాగాక మళ్లీ రాయాలి. ఎండ నేరుగా పడే కింది పెదవిని మరచిపోవద్దు.

పెదవిని ఉబ్బించే ‘ప్లంపర్’ లిప్‌గ్లాస్‌లు చేసేది వేరే పని. మిరపలోని క్యాప్సైసిన్ లాంటి ఘాటు పదార్థాలు పెదవిని రేపితే రక్తం చేరి కాసేపు ఉబ్బుతుంది. రోజూ రేపితే ఎండుతుంది. పెదవిని ఉబ్బించేందుకు ఆనించి గాలి పీల్చే కప్పులతో కమిలిన మచ్చలు పడతాయి. సూది లేకుండా ఫిల్లర్ (పెదవిని నింపే జెల్) ఎక్కించే పెన్నులను వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. ఫిల్లరే కావాలంటే, రక్తనాళం మూసుకుపోతే వెంటనే గుర్తించి వైద్యం చేయగల అర్హత ఉన్న డాక్టరు దగ్గరే చేయించుకోవాలి.

సెలవులు పగిలి మానకపోతే ఫంగస్, ఇనుము లేదా బి విటమిన్ల కొరత కారణం కావొచ్చు, బామ్‌తో అది తగ్గదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్లకు పెదవులు ఎండటం మామూలే, గంటగంటకూ జెల్లీ రాయాల్సి వస్తుంది. నీళ్లపొక్కుల గుంపు లేస్తే అది అంటుకునే వైరస్ జబ్బు హెర్పిస్ కావొచ్చు, ఆ బామ్‌ను ఇంకొకరికి ఇవ్వొద్దు. కింది పెదవి మీద గరుకైన తెల్లటి మచ్చో పుండో మూడు వారాలైనా మానకపోతే చర్మవైద్యుడికి చూపించండి. ఏళ్ల తరబడి ఎండ తగిలిన పెదవి మీద క్యాన్సర్‌కు ముందుదశ కొన్నిసార్లు ఇలాగే, నొప్పి లేకుండా మొదలవుతుంది.