జింక వేటకు ఏ క్యాలిబర్? సీజన్ మొదలయ్యేలోపు చూసుకోవాల్సినవి

కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు ముందుగా అడిగేది "జింకకి ఏ క్యాలిబర్ సరిపోతుంది?" అనే. క్యాలిబర్ అంటే రైఫిల్ గొట్టం లోపలి వెడల్పు, దాదాపుగా బుల్లెట్ లావు. ఎంత పెద్దదైతే అంత మంచిదన్న నమ్మకం ఆ ప్రశ్న వెనకే ఉంటుంది. నేను చూసినంతలో, గాయంతో పొదల్లోకి పారిపోయిన జింకల్లో ఎక్కువ వాటికి కారణం తూటా చిన్నది కావడం కాదు, తగలాల్సిన చోట తగలకపోవడం. భయపడకుండా, గురి చెదరకుండా మీరు పేల్చగలిగే రైఫిలే మీకు సరైన రైఫిల్.

ముందు చట్టం సంగతి. వేటకు అనుమతి ఉన్న చోటే ఈ మాటలన్నీ. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. అనుమతి ఉన్న దేశాల్లోనూ క్యాలిబర్‌కి నిబంధనలుంటాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1991 నాటి డీర్ యాక్ట్ ప్రకారం పెద్ద జాతి జింకలకి .240 అంగుళాలకు తగ్గిన క్యాలిబర్ వాడకూడదు, గొట్టం మూతి దగ్గర శక్తి 1,700 ఫుట్ పౌండ్లకు తగ్గకూడదు. అమెరికాలోని ఒహాయోలో అయితే సీసాలా మెడ దగ్గర సన్నబడే రైఫిల్ తూటాలు జింక వేటకు పనికిరావు, నిటారు గోడలున్నవే వాడాలి. అందుకే రూల్ చదివాకే రైఫిల్ కొనండి.

మధ్యరకం జింకలకి .243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, .270 విన్‌చెస్టర్, .308 విన్‌చెస్టర్, 1906 నుంచి వాడుకలో ఉన్న .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, ఇవన్నీ సరిపోతాయి. తొలి సీజన్ అయితే నేను .243 గానీ 6.5 గానీ తీసుకోమంటాను, తన్ను (పేల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి గుద్దడం) తక్కువ. .243లో 90 నుంచి 100 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే ప్రమాణం) వేట బుల్లెట్ వాడండి, దూరపు షాట్ల జోలికి పోవద్దు. రెడ్ డీర్ లాంటి బరువైన జంతువులైతే .270 నుంచి పైకి వెళ్లడం మంచిది.

తన్ను సంగతి నాకు అనుభవంతో తెలిసింది. మొదటి ఏడాది ఒక స్నేహితుడి దగ్గర .300 మాగ్నమ్ తీసుకుని రేంజ్‌కి, అంటే గురి సాధన చేసే చోటికి, వెళ్లాను. దాని తన్ను .243కి రెట్టింపు కంటే ఎక్కువ. నాలుగు పేల్చేసరికి భుజం వాచింది. నేర్పిస్తున్న పెద్దాయన నాకు చెప్పకుండా మ్యాగజీన్‌లో పేలని ఒక డమ్మీ తూటా కలిపి ఇచ్చాడు. ట్రిగ్గర్ నొక్కాను. టిక్ మన్న చప్పుడు తప్ప పేలుడు లేదు, కానీ గొట్టం మూతి కిందికి ఊగింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. రాబోయే తన్నుకి ఒళ్లు ముందే బిగుసుకుంది. మూతి ఒక్క సెంటీమీటరు కదిలితే 100 మీటర్ల దగ్గర దాదాపు మీటరు తేడా వస్తుంది. జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 20 సెంటీమీటర్ల పళ్లెమంత. మూతి ఆ సెంటీమీటరులో మూడో వంతు కదిలినా బుల్లెట్ ఆ చోటు దాటి పొట్టలో తగలొచ్చు, అలా తగిలితే ఆ జంతువు గంటల తరబడి నరకం చూస్తుంది. మీరూ ఈ డమ్మీ పరీక్ష చేయించుకోండి. మూతి ఊగితే క్యాలిబర్ తగ్గించండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు, తూటాలు కలిసిపోవడం. .30-30, .308, .30-06, మూడింటి బుల్లెట్ లావూ ఒకటే, .308 అంగుళాలు. కేసులు, అంటే మందునీ బుల్లెట్‌నీ పట్టి ఉంచే లోహపు డొల్లలు, మాత్రం వేరు. పేరులో అంకె కలిసింది కదా అని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. .300 బ్లాక్‌అవుట్ ఇంకా ప్రమాదం. దాని కేసు .223 కేసు నుంచే పుట్టింది కాబట్టి అదే మ్యాగజీన్‌లో ఇమిడిపోతుంది, .223 రైఫిల్‌లోకి ఎక్కిందా, లావు బుల్లెట్ సన్న గొట్టంలో ఇరుక్కుని రైఫిలే పగిలిపోవచ్చు. గొట్టం మీద చెక్కిన పేరూ తూటా అడుగున ఉన్న పేరూ అక్షరం అక్షరం కలవాలి. ఇంట్లో రెండు రైఫిళ్లుంటే రెండు రకాల తూటాలు ఒకే జేబులో, ఒకే సంచిలో వేయొద్దు.

తూటా కొనేటప్పుడు తగిలాక విచ్చుకునే సాఫ్ట్ పాయింట్ రకమో, వేటకు చేసిన రాగి బుల్లెట్టో తీసుకోండి. పూర్తి లోహపు తొడుగున్న ఫుల్ మెటల్ జాకెట్ వద్దు. అది విచ్చుకోకుండా దూసుకుపోయి సన్నని గాయం చేస్తుంది, చాలా చోట్ల నిషేధం కూడా. సీసం బుల్లెట్ చిన్న చిన్న తునకలుగా మాంసంలో కలుస్తుంది, గాయం చుట్టూ ఉదారంగా కోసి పారేయండి. పిల్లలు తినే ఇల్లయితే రాగిదే వాడమంటాను.

చిన్న క్యాలిబరైనా బుల్లెట్ కిలోమీటర్ల దూరం పోగలదు. జింక వెనక మట్టి గట్టో కొండ వాలో కనబడాలి. గట్టు అంచు మీద ఆకాశం ముందు నిలబడిన జింకను వదిలేయండి. చెవులకి రక్షణ రేంజ్‌లోనే కాదు, అడవిలోనూ పెట్టుకోండి.

వేటకు తీసుకెళ్లే తూటా రకంతోనే 100 మీటర్ల దగ్గర జీరో చేయండి, అంటే గురి పెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా స్కోప్ సరిచేయండి, బ్రాండ్ మారితే మళ్లీ చేయండి. ప్రయాణంలో స్కోప్ కుదుపు తింటుంది కాబట్టి అక్కడికి చేరాక రెండు మూడు పేల్చి చూసుకోండి. నేల మీద జారిపడి లేచినప్పుడు మాత్రం ముందు తూటా తీసేసి, బోల్ట్ బయటికి లాగి, వెనక వైపు నుంచి గొట్టంలోకి చూడండి. మట్టి గానీ మంచు గానీ ఇరుక్కుని ఉంటే ఆ రోజుకి ఆ రైఫిల్ పేల్చొద్దు, ఇంటికి తెచ్చి శుభ్రం చేయండి.