ట్రాక్ డేకి వెళ్లే ముందు: చల్లటి ఇంజన్‌ని చూసి ఆయిల్ పోయకండి

పోయిన శనివారం ట్రాక్ డే (సొంత కార్లను రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు). ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ రేస్ ట్రాక్‌లో మా స్నేహితుడి కార్వెట్ కారు మూడో ల్యాప్‌లోనే నీలం పొగ కక్కుతూ పిట్‌లోకి వచ్చేసింది. బానెట్ ఎత్తి ఇన్‌టేక్ గొట్టం విప్పితే లోపలంతా జిడ్డు. వేలు పెడితే ఆయిల్ కారుతోంది. ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. పొద్దున ఆరింటికి హోటల్ పార్కింగ్‌లో డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ కొలిచే పుల్ల) తీసి చూస్తే కొస కూడా తడవలేదట. కంగారుపడి రెండు క్వార్ట్‌లు (దాదాపు రెండు లీటర్లు) పోసేశాడు. తప్పంతా అక్కడే జరిగింది.

అతనిది డ్రై సంప్ ఉన్న సీ7, అంటే ఏడో తరం కార్వెట్. ఈ కార్లలో ఆయిల్ ఇంజన్ అడుగున కాకుండా వేరే ట్యాంకులో ఉంటుంది. డిప్‌స్టిక్ కూడా ఆ ట్యాంకులోకే దిగుతుంది. రాత్రంతా బండి నిలబడితే ట్యాంకులో ఆయిల్ మెల్లగా ఇంజన్‌లోకి జారిపోతుంది, పొద్దున చూస్తే ఖాళీగా కనబడుతుంది. స్టార్ట్ చేయగానే పంపులు దాన్నంతా మళ్లీ ట్యాంకుకి తోస్తాయి. మీరు పోసిన అదనం పట్టే చోటు లేక బ్రీదర్ (లోపలి గాలి పోయే గొట్టం) గుండా ఇన్‌టేక్‌లోకి పోతుంది. ఇదే తప్పు చేసినవాళ్లను నేను ఇప్పటికి ముగ్గుర్ని చూశాను. చల్లటి ఇంజన్‌ని చూసి ఆయిల్ పోయకండి.

ఇంకో కారణం కూడా ఉంది. వేడెక్కితే ఆయిల్ ఉబ్బుతుంది. ఏడు లీటర్ల ఆయిల్ 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్తే దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది.

మరి ఎప్పుడు చూడాలి? అది బండిని బట్టి. డ్రై సంప్ కార్వెట్ అయితే ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి చూడాలి. 2020లో మొదలైన సీ8 (ఎనిమిదో తరం) కార్వెట్లన్నీ డ్రై సంప్‌వే. పాత ఎయిర్ కూల్డ్ పోర్షె 911 అయితే ఇంజన్ బాగా వేడెక్కి, ఐడిల్‌లో నడుస్తుండగానే చూడాలి, ఆపితే లెక్క తప్పుతుంది. కొత్త 911లలో డిప్‌స్టిక్కే లేదు, స్క్రీన్ మీద చూడాలి. మీ బండి మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఆయిల్ ఇంజన్ అడుగునే ఉండే మామూలు వెట్ సంప్ బండికి ఇబ్బంది వేరు. టొయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్‌లలో గట్టి పట్టున్న టైర్లతో పొడవాటి కుడి మలుపు తిరుగుతుంటే ఆయిల్ పక్కకు పోయి ప్రెషర్ పడిపోతుంది. ఆస్టిన్ ట్రాక్‌లో 16 నుంచి 18 దాకా మలుపులన్నీ కుడికే. లెవెల్ పై గీత దగ్గర ఉంచండి. దాటనివ్వకండి. దాటితే క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగకి ప్రెషర్ నిలవదు.

ప్యాడాక్ (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోటు) నేల సమంగా ఉందనుకోకండి. వాటర్ బాటిల్ అడ్డంగా పడుకోబెట్టండి, దొర్లితే బండి వేరే చోట పెట్టండి.

డిప్‌స్టిక్ మొదటిసారి తీసింది లెక్క కాదు. తుడవండి, పూర్తిగా దించండి, మళ్లీ తీయండి.

డిప్‌స్టిక్‌కి రెండు వైపులా చూడండి, తక్కువ చూపించేదే నమ్మండి.

పోస్తే పావు లీటరే. మళ్లీ చూశాకే ఇంకో పావు.

మాజ్దా ఆర్ఎక్స్-8 వాళ్లు పెట్రోల్ కొట్టించిన ప్రతి రెండోసారీ చూడండి. ఆ ఇంజన్ ఆయిల్ తాగేలాగే తయారైంది.

ట్రాక్ మీద ప్రతి సెషన్ (విడత) తర్వాతా చూడండి.

ఎర్ర ఆయిల్ లైట్ లెవెల్ చెప్పదు, ప్రెషర్ పోయిందని చెప్తుంది. వెలిగితే పిట్ దాకా లాక్కురావద్దు. పక్కకు తీసి, అక్కడే ఇంజన్ ఆపండి.

ఆయిల్ పోసే మూత బిగిసిందో లేదో చేత్తో తిప్పి చూడండి.

పక్కవాడు "ఇంకో అర క్వార్ట్ పొయ్యి, ఏం కాదు" అంటే వినకండి.

చల్లటి ఇంజన్‌ని చూసి ఆయిల్ పోయకండి. పోసేశారా? స్టార్ట్ చేయకండి, ముందు ఎంత పోశారో అంతా తీయించండి.